మీటకపోయినా మోగే గిటారు: డిజిటల్ యాంప్లిఫయర్ల రొదపై ఒక సమీక్ష

ఎలక్ట్రిక్ గిటారు పట్టినవాళ్ళంతా ఎప్పుడో ఒకప్పుడు అడిగే ప్రశ్న ఇది: తీగ మీద చెయ్యి వెయ్యకముందే స్పీకర్లోంచి వస్తున్న ఈ చప్పుడు ఎక్కడిది? వాల్వులతో నడిచే పాత యాంప్లిఫయర్ల కాలంలో దీన్ని ఆ యంత్రం స్వభావమని సరిపెట్టుకునేవాళ్ళు. 1995లో రోలాండ్ వీజీ-8, 1998లో లైన్ 6 పాడ్, తర్వాత కెంపర్, హీలిక్స్, బాస్ కటానా వంటివి వచ్చి యాంప్లిఫయర్ చేసే పనిని లెక్కలుగా మార్చి ఒక చిన్న పెట్టెలో పెట్టాయి. ఇక రొద పోతుందని చాలామంది నమ్మారు. అది పోలేదు. పైగా ఇదివరకు లేని కొత్త చప్పుళ్ళు కొన్ని వచ్చి చేరాయి.

గోదావరి డెల్టాకు తీగవాద్యాలు కొత్త కాదు. వీణ విద్వాంసుడు ఈమని శంకరశాస్త్రి ద్రాక్షారామంలో, ఆయన శిష్యుడు చిట్టిబాబు కాకినాడలో పుట్టారు. 1969లో పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్‌ను కర్ణాటక కచేరీ వేదిక ఎక్కించాడు. ఈ డెల్టాలోనే, గౌతమీ గోదావరి ఒడ్డున యానాం ఉంది. అందులో ఫరంపేట ఒక పేట. అలాంటి పేటలో ఒక మామూలు గదిని తీసుకుందాం. అందులో ఒక గిటారు, పైన చెప్పిన డిజిటల్ పెట్టెల్లాంటి ఒక ప్రాసెసర్, పవర్డ్ స్పీకరు, లాప్‌టాప్ ఉన్నాయి. పైన ఫ్యాను, గోడకు ఎల్‌ఈడీ బల్బు, మూల ఇన్వర్టరు, మంచం కింద జంక్షన్ బాక్సు. ఈ సమీక్ష అలాంటి గదిని దృష్టిలో పెట్టుకుని రాసింది.

నా వాదన సూటిగా చెబుతాను. డిజిటల్ పెట్టె సొంతంగా పుట్టించే రొద తక్కువ. తన దగ్గరికి వచ్చిన రొదను అది వందల, వేల రెట్లు పెంచుతుంది. కాబట్టి ముందు చేయాల్సిన పని రొద ఏ మెట్టులో ప్రవేశిస్తోందో విడదీసి చూడటం. మందు తర్వాతి సంగతి. ఆ వెతుకులాటలో మొట్టమొదట చూడాల్సింది ఎర్త్. అది చెవి కోసం కంటే ప్రాణం కోసం చూడాలి.

రొద ఎందుకు పూర్తిగా పోదు

గిటారు పికప్ నుంచి వచ్చే సంకేతం చాలా చిన్నది. మామూలుగా మీటితే అది 100 మిల్లీవోల్టులకు అటూ ఇటూగా ఉంటుంది. మరోవైపు, 10,000 ఓమ్‌ల నిరోధం ఏదైనా సరే, గది ఉష్ణోగ్రతలో, 20,000 హెర్ట్జ్ వెడల్పు లెక్కన దాదాపు 1.8 మైక్రోవోల్టుల రొదను తనంతట తానే పుట్టిస్తుంది. లోపలి ఎలక్ట్రాన్ల ఉష్ణ చలనం దీనికి కారణం. ఎంత ఖరీదైన తయారీ అయినా దీన్ని తీసెయ్యలేదు. సంకేతానికీ ఈ రొదకూ మధ్య దూరం 95 డెసిబెల్‌ల దగ్గర ఉంటుంది. వినడానికి అది చాలా పెద్ద దూరమే.

ప్రాసెసర్ డబ్బా మీద 24 బిట్లు అని రాసి ఉంటుంది. సిద్ధాంతంలో 24 బిట్ల పరిధి 144 డెసిబెల్‌లు. అయితే గిటారులోంచే 95 వస్తుంటే మిగతా పరిధి ఆ నిశ్శబ్దాన్ని పెంచదు. అసలు ఇబ్బంది దీని తర్వాత మొదలవుతుంది. మెటల్ పాటలకు వాడే హై గెయిన్ మోడల్ 60 డెసిబెల్‌లు, అంటే 1,000 రెట్లు పెంచిందనుకోండి. మీటిన స్వరం ఆ వెయ్యి రెట్లూ పెరగదు. అది పైకప్పు తాకి అక్కడే చదునవుతుంది, డిస్టార్షన్ అంటే అదే. రొద మాత్రం చిన్నది కాబట్టి పైకప్పు దానికి అందదు. అది పూర్తి వెయ్యి రెట్లూ పెరుగుతుంది. అలా 95 డెసిబెల్‌ల దూరం కాస్తా 40కో 50కో కుదించుకుపోతుంది. కంప్రెసర్ కూడా ఇదే పని చేస్తుంది. పెద్ద ధ్వనిని తగ్గించి మొత్తాన్ని పైకి లేపుతుంది, దాంతోపాటు రొద కూడా లేస్తుంది.

అందుకే క్లీన్ టోన్‌లో మౌనంగా ఉన్న గిటారు, ప్యాచ్ మార్చగానే హోరెత్తుతుంది. ప్రాసెసర్ చెడిపోయిందని చాలామంది షాపుకు పట్టుకెళ్ళేది ఈ సమయంలోనే. అక్కడ ప్రాసెసర్ చేస్తున్నది తనకు అప్పజెప్పిన పనే.

చెవి ఇచ్చే సాక్ష్యం

రొద అంతా ఒకటి కాదు. శ్రద్ధగా వింటే సగం జవాబు చెవికే దొరుకుతుంది.

గుమ్మని నిలకడగా వచ్చే కింది ధ్వని కరెంటుది. మన దేశంలో సరఫరా 230 వోల్టులు, 50 హెర్ట్జ్. దాని రెట్టింపు 100 హెర్ట్జ్ కూడా వినిపిస్తుంది. గిటారు ఆరో తీగ మీద మూడో మెట్టు నొక్కితే వచ్చే జీ స్వరం 98 హెర్ట్జ్. కరెంటు గుమ్ము దానికి అర్ధస్వరంలో మూడోవంతు పైన ఉంటుంది. అందుకే జీ శృతిలో పాట వాయించేటప్పుడు ఈ రొద మరీ అపశ్రుతిగా తోస్తుంది. యానాం దాటి తాళ్లరేవు వైపు వెళ్తే కరెంటు ఇచ్చే సంస్థ మారుతుంది గాని ఈ 50 మారదు. యానాం నుంచి వెళ్ళి ఫ్రాన్సులో స్థిరపడ్డవాళ్ళకూ అక్కడ 50 హెర్ట్జే. అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళు వినేది 60, 120. అక్కడివాళ్ళు పంపిన ఫిల్టర్ సెట్టింగు ఇక్కడ పనిచెయ్యకపోవడానికి కారణం ఇదే.

గుమ్ము మీద గరగర కలిసి, రంపపు కోతలా ముదిరితే అది ఇంటి ఎలక్ట్రానిక్ పరికరాలది. ఫ్యాను రెగ్యులేటరు, చవక ఎల్‌ఈడీ డ్రైవరు, ఛార్జరు, ఇన్వర్టరు ఈ కోవలోవి. సుయ్‌మని ఇసుక రాలినట్టు వచ్చే హిస్సు గెయిన్ పెంచడం వల్ల బయటపడ్డ ఉష్ణరొద. సన్నగా కీచుమంటూ, లాప్‌టాప్ మౌస్ కదిపినప్పుడు తీరు మారేది డిజిటల్ సర్క్యూట్లది. చిటపటలు రెండు రకాలు. కేబుల్ కదిపితే వచ్చేవి జాక్ లేదా సోల్డరు లోపం. ఏమీ కదపకుండా వచ్చేవి కంప్యూటర్‌లో డేటా సమయానికి అందకపోవడం. ఇక 2జీ ఫోన్ కాల్ రాబోయే ముందు స్పీకర్లో తడతడమని కొట్టేది ఫోను తన వంతు సమయంలో రేడియో శక్తిని సెకనుకు 217 సార్లు విసరడం వల్ల వచ్చేది.

మరో రెండు గుర్తులు చాలా విలువైనవి. గిటారు పట్టుకుని నిలబడ్డచోటే మెల్లగా తిరగండి. ఒక దిక్కున గుమ్ము తగ్గి ఇంకో దిక్కున పెరిగితే అది అయస్కాంత క్షేత్రం ద్వారా పికప్‌లోకి వస్తోంది. దగ్గర్లో ట్రాన్స్‌ఫార్మరో, స్టెబిలైజరో, ఇన్వర్టరో ఉంటుంది. ఇక రెండోది, తీగల మీద అరచెయ్యి ఆనించండి. గరగర తగ్గితే మీ ఒళ్ళు యాంటెన్నాలా లాగుతున్న విద్యుత్ క్షేత్రం తీగల ద్వారా ఎర్త్‌కు పోతోందన్నమాట. ఇది మామూలే, గిటారు లోపలి షీల్డింగ్ బలపరిస్తే తగ్గుతుంది. చెయ్యి ఆనిస్తే రొద పెరిగినా, వేళ్ళకు జిల్లుమన్నా అక్కడితో వాయించడం ఆపాలి. అది ఎర్త్ లేదని చెప్పే హెచ్చరిక.

గదిలో ఉన్న దోషులు

మన ఇళ్ళలో మొదట అనుమానించాల్సింది ఫ్యాను రెగ్యులేటరు. గుండ్రంగా తిప్పే ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లలో ట్రయాక్ అనే భాగం కరెంటు అలను ప్రతి అరచక్రంలోనూ మధ్యలో కోస్తుంది. అంటే సెకనుకు 100 కోతలు. ప్రతి కోతకూ పదునైన అంచు ఉంటుంది. ఆ అంచులోంచి వందల హెర్ట్జ్ నుంచి రేడియో స్థాయి దాకా రొద పుడుతుంది. ఫ్యాను ఆపినా, పూర్తి వేగంలో పెట్టినా గరగర తగ్గితే దోషం దానిదే. మెట్లుమెట్లుగా తిరిగే కెపాసిటర్ రకం రెగ్యులేటరు అలను కొయ్యదు కాబట్టి ఈ రొద రాదు. గిటారు గదిలో ఇది మార్చుకోవడం అతి చవకైన, అతి ఫలవంతమైన మరమ్మతు.

రెండో అనుమానితుడు ఇన్వర్టరు. కరెంటు పోయాక రొద తీరు మారితే అది స్క్వేర్ వేవ్ రకం అయ్యుండొచ్చు. స్క్వేర్ అలలో 50 హెర్ట్జ్‌తోపాటు దాని మూడో రెట్టు మూడోవంతు బలంతో, అయిదో రెట్టు అయిదోవంతు బలంతో, అలా పైపైకి ఉంటాయి. 150, 250, 350 హెర్ట్జ్‌లు గిటారు స్వరాల నడుమే పడతాయి. సైన్ వేవ్ ఇన్వర్టరు దీనికి సరైన జవాబు. సభల్లో వాడే జనరేటరుదీ ఇదే సమస్య. లోడు పెరిగినప్పుడు దాని వేగం తగ్గి గుమ్ము శృతి కూడా కిందికి జారుతుంది.

మూడోది, ప్రాసెసర్‌తోపాటు పెడళ్ళకు ఒకే అడాప్టర్ నుంచి వరసగా కరెంటు ఇవ్వడం. ఎక్కువ పెడళ్ళు 9 వోల్టులతో, లోపలి పిన్ను నెగెటివ్‌గా నడుస్తాయి కాబట్టి ఒకే తీగకు నాలుగు తలలున్న కేబుల్ తేలిగ్గా సరిపోతుంది. కాని డిజిటల్ పెడల్ తన గడియారం లయలో కరెంటును గుటకలుగా లాగుతుంది. ఆ గుటకలు ఉమ్మడి గ్రౌండు తీగ మీద చిన్న వోల్టేజీని పుట్టిస్తాయి. పక్కనున్న అనలాగ్ డిస్టార్షన్ పెడల్ దాన్ని సంకేతమనుకుని పెంచేస్తుంది. అలా పుట్టేదే కీచు. ఒక్కో పెడల్‌కూ విడి అవుట్‌పుట్ ఉన్న ఐసొలేటెడ్ పవర్ సప్లై దీన్ని మొదలంటా తీసేస్తుంది. అంత ఖర్చు పెట్టలేనివాళ్ళు డిజిటల్ పెడల్‌కు విడి అడాప్టర్, మిగతావాటికి మరొకటి వాడినా చాలావరకు తగ్గుతుంది.

నాలుగోది మన నేలది. సముద్రం, మడ అడవులు, ఏటిగాలి కలిసిన ప్రాంతం ఇది. ఉప్పుతేమ జాక్‌ల మీద, వాల్యూమ్ నాబ్ లోపలి పట్టాల మీద, స్విచ్చుల మీద పొర కడుతుంది. నాబ్ తిప్పితే బరబరమనడం, జాక్ తిప్పితే ధ్వని వచ్చిపోవడం దీని ఫలితమే. కాంటాక్ట్ క్లీనర్ ఒక చుక్క వేసి నాబ్‌ను అటూ ఇటూ బాగా తిప్పడం, వాడనప్పుడు పరికరాలను సిలికా జెల్ సంచితో పెట్టెలో ఉంచడం ఈ తీరంలో రోజువారీ అలవాటు కావాలి. వంటనూనె, కొబ్బరినూనె వంటివి ఎట్టి పరిస్థితుల్లోనూ వెయ్యకూడదు. అవి దుమ్మును పట్టి ఉంచుతాయి.

ఎర్త్: చెవికంటే ముందు ప్రాణం

ఈ విషయంపై రాసే ఎవరైనా అన్నిటికంటే గట్టిగా చెప్పాల్సిన మాట ఇది. మూడు పిన్నుల ప్లగ్గులో లావు పిన్ను కోసేస్తే గుమ్ము ఆగిపోవడం నిజమే. చాలాచోట్ల మైక్ సెట్ల దగ్గర ఇది చిట్కాగా చెలామణి అవుతోంది. దాన్ని మానాలి. 1972 మే నెలలో బ్రిటన్‌లోని స్వాన్సీలో స్టోన్ ద క్రోస్ బృందం గిటారిస్టు లెస్లీ హార్వీ వేదిక మీదే, ఎర్త్ సరిగా లేని మైకును తాకి కరెంటు షాకుతో చనిపోయాడు. గిటారు తీగలు యాంప్లిఫయర్ గ్రౌండుకు కలిసి ఉంటాయి. మైకు జాలీ మిక్సర్ గ్రౌండుకు కలిసి ఉంటుంది. ఈ రెంటి మధ్య వోల్టేజీ తేడా ఉంటే, వేళ్ళు తీగల మీద, పెదవులు మైకు మీద పెట్టినవాడి ఒంట్లోంచే ఆ కరెంటు పోతుంది.

వేళ్ళకు జిల్లుమనడానికి కారణం కూడా తెలుసుకోవాలి. స్విచింగ్ పవర్ సప్లైలలో రేడియో రొదను అణచడానికి ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య ఒకటి, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య ఒకటి చొప్పున చిన్న కెపాసిటర్లు పెడతారు. ఎర్త్ తగిలి ఉంటే అవి రొదను నేలలోకి పంపుతాయి. ఎర్త్ లేకపోతే అవే పెట్టె లోహాన్ని సగం వోల్టేజీకి, అంటే 115 వోల్టుల దగ్గరకు లేపుతాయి. కరెంటు అతి స్వల్పం కాబట్టి జిల్లుమని ఊరుకుంటుంది. అయితే ఆ గదిలో ఏ పరికరంలోనైనా నిజమైన లీకేజీ పుట్టిన రోజున దాన్ని ఆపేది ఏదీ ఉండదు. ఖరీదైన పవర్ కండిషనర్లు ఎర్త్ లేని ఇంట్లో మేలు చెయ్యకపోగా ఇలాంటి జిల్లుకు కారణమయ్యేది కూడా ఇందుకే.

ఎర్తింగ్‌కు మన దేశంలో ఐఎస్ 3043 అనే ప్రామాణిక నియమావళి ఉంది. తీరప్రాంతపు తడి ఉప్పునేల విద్యుత్తును బాగానే తీసుకుంటుంది, కాని గుంతలో దింపిన ఇనుప పైపును అంతే త్వరగా తినేస్తుంది. పైపూ తీగా కలిసే బిగింపు దగ్గర తుప్పు పట్టి ఎర్త్ తెగిపోయిన సంగతి ఇంట్లోవాళ్ళకు ఏళ్ళ తరబడి తెలియకపోవచ్చు. లైట్లు, ఫ్యాన్లు మామూలుగానే వెలుగుతాయి, తిరుగుతాయి. టెస్టర్ ఎర్త్ సంగతి చెప్పదు. మల్టీమీటర్‌తో ఎలక్ట్రీషియన్ చేత చూపించాలి. ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య దాదాపు ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య ఉన్నంత వోల్టేజీ రావాలి. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య ఒకటి రెండు వోల్టులకు మించి కనిపిస్తే కారణం వెతకాలి. సాకెట్లో న్యూట్రల్‌నే ఎర్త్‌కు కలిపి పని కానిచ్చేసే పద్ధతి ఘోరమైనది. బయట న్యూట్రల్ తెగిన క్షణంలో గిటారు తీగలతో సహా ప్రతి లోహానికీ 230 వోల్టులు ఎక్కుతాయి. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ బోర్డులో ఉండటం ఎర్త్‌కు తోడుగా ఉండాల్సిన రెండో రక్ష.

వేదిక మీద లూప్

ఇంట్లో మౌనంగా ఉన్న ప్రాసెసర్ చర్చిలోనో, పెళ్ళి వేదిక మీదో, యానాం ప్రజా ఉత్సవాల వంటి పెద్ద సభలోనో గుమ్మంటే మొదట గ్రౌండ్ లూప్‌ను అనుమానించాలి. ప్రాసెసర్ వేదిక మీది బోర్డులో, మిక్సర్ జనం వెనక మరో బోర్డులో ఉంటాయి. రెంటికీ ఎర్త్ ఉంది, అది మంచిదే. అయితే ఆ రెండు ఎర్త్‌ల మధ్య కొద్దిపాటి వోల్టేజీ తేడా ఉంటుంది. ఆడియో కేబుల్ షీల్డు వాటిని కలపగానే ఆ షీల్డులోంచి 50 హెర్ట్జ్ కరెంటు పారి సంకేతంలో కలుస్తుంది.

దీనికి నిరపాయమైన విరుగుళ్ళు మూడు. సాధ్యమైనచోట రెండు పరికరాలనూ ఒకే బోర్డు నుంచి నడపడం మొదటిది. ప్రాసెసర్‌కు ఎక్స్ఎల్ఆర్ అవుట్‌పుట్ ఉంటే దాన్నే వాడి, పక్కనున్న గ్రౌండ్ లిఫ్ట్ మీట నొక్కడం రెండోది. అది కరెంటు ఎర్త్‌ను తాకదు, ఆడియో షీల్డును మాత్రమే విడదీస్తుంది. ఆ మీట లేకపోతే ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్సు మూడోది. సంకేతం అయస్కాంతం ద్వారా దాటుతుంది, గ్రౌండు దాటదు.

బ్యాలెన్స్‌డ్ కేబుల్ వాడినా రొద వస్తుంటే తప్పు పరికరం లోపలే ఉండొచ్చు. 1995లో నీల్ మన్సీ ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రికలో రాసిన వ్యాసం ఈ సంగతిని తేల్చింది. ఎక్స్ఎల్ఆర్ ఒకటో పిన్నును పెట్టె లోహానికి కలపాల్సింది పోయి సర్క్యూట్ బోర్డు గ్రౌండుకు కలిపితే, షీల్డు మీది రొద కరెంటు సంకేతం నడిచే దారిలోకి చొరబడుతుంది. వాడేవాళ్ళ కేబుల్ ఎంత మంచిదైనా దీన్ని సరిచెయ్యలేదు. ఇది తయారీదారు సరిదిద్దాల్సిన లోపం.

డిజిటల్‌కే సొంతమైన చప్పుళ్ళు

ప్రాసెసర్‌ను యూఎస్‌బీతో లాప్‌టాప్‌కు కలపగానే సన్నని ఈల మొదలైతే అది 1,000 హెర్ట్జ్ దగ్గర ఉండే అవకాశం ఎక్కువ. యూఎస్‌బీ ఫుల్ స్పీడులో డేటా ప్రతి మిల్లీసెకనుకూ ఒక కట్టగా పోతుంది. ఆ లయ కరెంటు తీగల్లోంచి, గ్రౌండులోంచి ఆడియోలోకి కారుతుంది. ఛార్జరు తీసి లాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడిపి చూడండి. ఈల పోతే దారి ఛార్జరుది. పోకపోతే యూఎస్‌బీ ఐసొలేటర్ అవసరం. కొనేముందు అది మీ ప్రాసెసర్ వేగానికి సరిపోతుందో లేదో చూసుకోవాలి.

రికార్డింగులో మాత్రమే చిటపటలు వస్తే బఫర్ చూడాలి. 48,000 శాంపిళ్ళ వేగంలో 64 శాంపిళ్ళ బఫర్ అంటే 1.3 మిల్లీసెకన్లు. ఆ వ్యవధిలో కంప్యూటర్ లెక్క ముగించలేకపోతే శబ్దంలో గండి పడుతుంది. 256కు పెంచితే 5.3 మిల్లీసెకన్ల సమయం దొరుకుతుంది, చాలా కంప్యూటర్లకు అది చాలు. రెండు డిజిటల్ పరికరాలను కలిపినప్పుడు రెండూ ఒకే శాంపిల్ రేటులో ఉండాలి, ఒకదాని గడియారాన్నే రెండోది అనుసరించాలి. లేకపోతే క్రమం తప్పకుండా టిక్కు టిక్కుమంటుంది.

అన్నిటికంటే సూక్ష్మమైనది ఎలియాసింగ్. డిస్టార్షన్ కొత్త పైస్వరాలను పుట్టిస్తుంది. 48,000 వేగంలో నడిచే యంత్రం 24,000 హెర్ట్జ్ దాటినదాన్ని పట్టలేదు. ఉదాహరణకు 30,000 హెర్ట్జ్ దగ్గర పుట్టిన పైస్వరం మడతపడి 18,000 దగ్గర కనిపిస్తుంది. అది వాయించిన స్వరానికి చుట్టం కాదు. గుర్తించే పద్ధతి తేలిక. పై మెట్ల దగ్గర ఒక తీగను మీటి మెల్లగా పైకి లాగండి. స్వరం పైకి పోతుంటే వెనక సన్నని ధ్వని కిందికి జారుతోందా? అయితే అది ఎలియాసింగ్. వాయించనప్పుడు అది వినిపించదు కాబట్టి ఎర్త్‌తోగాని, కేబుల్‌తోగాని దీనికి సంబంధం లేదు. యంత్రంలో ఓవర్‌శాంప్లింగ్ ఉంటే పెంచాలి, లేకపోతే గెయిన్ కొంచెం తగ్గించాలి.

రొద అనిపించే మరోటి అసలు రొదే కాదు. గిటారు స్పీకరు 5,000 హెర్ట్జ్ పైన బాగా పడిపోతుంది. ప్రాసెసర్‌లో గిటారు స్పీకరును అనుకరించే క్యాబినెట్ సిమ్యులేషన్ ఆపేసి, సభల్లో వాడే పీఏ స్పీకర్లోకి నేరుగా పంపితే ఆ పై భాగమంతా జుయ్యిమని బయటికి వస్తుంది. అవుట్‌పుట్ సెట్టింగ్ ఒక్కటి మార్చితే తగ్గిపోయే ఫిర్యాదు ఇది.

చలామణిలో ఉన్న విరుగుళ్ళు: దేనికెంత విలువ

హంబకర్ పికప్. గిబ్సన్ ఇంజనీరు సెత్ లవర్ 1955లో దీనికి పేటెంటు దరఖాస్తు చేశాడు, 1959లో వచ్చింది. రెండు తీగచుట్లు ఎదురుబొదురుగా కలిసి బయటి అయస్కాంత గుమ్మును రద్దు చేస్తాయి. గిటారును తిప్పినప్పుడు మారే రొదకు ఇది నిజమైన మందు. లూప్‌కూ, యూఎస్‌బీ ఈలకూ, హిస్సుకూ దీనివల్ల లాభం లేదు.

గిటారు లోపల రాగిరేకు అతికించడం. ఛార్జర్ల, ట్యూబులైట్ల గరగరను ఇది బాగా తగ్గిస్తుంది. 50 హెర్ట్జ్ అయస్కాంత క్షేత్రం మాత్రం పల్చని రాగిరేకులోంచి అడ్డు లేకుండా దాటిపోతుంది. ఈ తేడా తెలియక చాలామంది నిరాశపడతారు.

నాయిస్ గేట్. బాస్ ఎన్ఎస్-2 వంటి పెడళ్ళ నుంచి నేటి ప్రాసెసర్ల దాకా ఇది అందరికీ దగ్గరైన విరుగుడు. వాయించనప్పుడు తలుపు మూస్తుంది, వాయిస్తుంటే తెరుస్తుంది. స్వరంతోపాటు రొద అప్పుడూ లోపలికి వస్తూనే ఉంటుంది. రాక్ రిథమ్‌లో తీగల బలం దాన్ని కప్పేస్తుంది. కాని మన సంగీతంలో గమకం తోక, కీర్తన చివర సన్నగిల్లే నాదం, చర్చిలో ప్రార్థన వెనక మెల్లగా సాగే తీగలు అతి తక్కువ స్థాయిలో ఉంటాయి. గేట్ వాటిని మధ్యలో తెంపేస్తుంది. గేట్ వాడాలంటే గిటారు వెంటనే, గెయిన్‌కు ముందు పెట్టి, రొద ఆగే కనీస స్థాయిలో ఆపి, మూసుకునే వేగాన్ని నెమ్మదిగా ఉంచాలి. మిగిలిన విరుగుళ్ళన్నీ అయ్యాక చివర వాడాల్సిన సాధనం ఇది.

రికార్డింగులో 50, 100, 150 హెర్ట్జ్‌లను కోసే నాచ్ ఫిల్టర్. అది వెడల్పుగా ఉంటే 98 హెర్ట్జ్ జీ స్వరాన్ని కూడా కోస్తుంది. ఇరుగ్గా పెట్టి, చెవితో సరిచూసుకుంటేనే పనికొస్తుంది.

స్టెబిలైజరు. వోల్టేజీ ఎగుడుదిగుళ్ళకు మేలే. గుమ్మును తగ్గించదు, పైగా లోపలి ట్రాన్స్‌ఫార్మరు దగ్గరుంటే పెంచుతుంది.

కొత్త ప్రాసెసర్ కొనడం. చాలామంది మొదట ఆలోచించేది ఇదే, నిజానికి ఆలోచించాల్సింది చిట్టచివర. రెగ్యులేటరు, ఎర్త్, అడాప్టర్ అవే ఉంటే కొత్త పెట్టె కూడా అదే పాట పాడుతుంది.

వెతికే వరస

ఒకసారికి ఒకే మార్పు చెయ్యాలి, ఫలితం కాగితం మీద రాసుకోవాలి. ఈ క్రమం దాటితే ఏది పనిచేసిందో తెలియదు.

ముందు ఎర్త్ పరీక్ష. తర్వాత గిటారు వాల్యూమ్ పూర్తిగా తగ్గించండి. రొద పోతే అది పికప్ ద్వారా వస్తోంది. మిగిలితే కేబుల్ నుంచి తర్వాతి భాగాలది. వాల్యూమ్ సగంలో హిస్సు కాస్త పెరిగితే కంగారు పడొద్దు. ఆ స్థానంలో వాల్యూమ్ నాబ్ లోపలి నిరోధం కలవడం వల్ల ఉష్ణరొద ఎక్కువవుతుంది.

ప్రాసెసర్ నుంచి కేబుల్ తీసెయ్యండి. రొద పోతే కేబుల్ లేదా గిటారు. ఉంటే ఎఫెక్టులన్నీ ఆపి ఒక్కొక్కటీ వెయ్యండి. ఏది వేసినప్పుడు లేస్తుందో దాని గెయిన్ చూడండి. స్పీకరు తీసి హెడ్‌ఫోన్‌తో వినండి. హెడ్‌ఫోన్‌లో మౌనంగా ఉంటే తప్పు ప్రాసెసర్ తర్వాత, స్పీకరు వైపు ఉంది. గుమ్మైతే మొదట లూప్‌ను అనుమానించాలి. తర్వాత యూఎస్‌బీ తీసి చూడండి. తర్వాత అన్నిటినీ ఒకే జంక్షన్ బాక్సుకు మార్చండి. ఆపైన ఫ్యాను, బల్బు, ఛార్జరు, ఇన్వర్టరు ఒక్కొక్కటిగా ఆపండి.

చివరి పరీక్ష అన్నిటికంటే నిక్కచ్చిది. ప్రాసెసర్ బ్యాటరీతోగాని, దాని వోల్టేజీకి సరిపడే పవర్‌బ్యాంకుతోగాని నడిచేదైతే, ఇన్వర్టరుతో సహా ఇంటి మెయిన్ ఆపి హెడ్‌ఫోన్‌తో వినండి. అప్పుడు వినిపించేది మీ గిటారుకూ ప్రాసెసర్‌కూ సొంతమైన రొద. అంతకంటే తగ్గించడం ఏ విరుగుడుకూ సాధ్యం కాదు. మెయిన్ వేశాక అంతకంటే ఎంత పెరిగిందో అదంతా మన చేతిలో ఉన్న పని.

ఇక మారాల్సినవి

రెండు మార్పులు వాయించేవాళ్ళ చేతిలో లేవు. వాటిని గట్టిగా అడగాలి.

ఒకటి కంపెనీలను. ప్రాసెసర్ల కాగితాల మీద రొద సంఖ్యను తరచుగా ఏ-వెయిటింగ్ అనే తూకంతో ఇస్తారు. మంద్ర ధ్వని చెవికి తక్కువ వినిపిస్తుందనే లెక్కతో ఆ తూకం 50 హెర్ట్జ్‌ను 30 డెసిబెల్‌లు, 100 హెర్ట్జ్‌ను 19 డెసిబెల్‌లు తగ్గించి చూపుతుంది. అంటే మనల్ని ఎక్కువగా బాధించే గుమ్మే ఆ సంఖ్యలో దాదాపు మాయమవుతుంది. తూకం లేని సంఖ్య కూడా పక్కనే అచ్చు వెయ్యాలి. హై గెయిన్ ప్యాచ్ మీద కొలిచిన సంఖ్య కూడా ఇవ్వాలి.

రెండోది హాళ్ళను, చర్చిలను, కల్యాణ మండపాలను, ఉత్సవ నిర్వాహకులను. వేదిక మీద పాడే పిల్లవాడి పెదవులకూ చేతులకూ మధ్య వోల్టేజీ ఉండకూడదని చూసే బాధ్యత వాళ్ళది. ఏడాదికోసారి, వానాకాలం వెళ్ళాక, ఎర్త్ నిరోధం కొలిపించి ఆ సంఖ్యను బోర్డు పక్కన రాసి అంటించాలి. వేదికకూ మిక్సర్‌కూ ఒకే బోర్డు నుంచి లైను లాగాలి. ఒక డీఐ బాక్సు, ఒక ఆర్‌సీసీబీ సౌండ్ సిస్టమ్‌లో భాగంగా ఉండాలి. పిన్ను కోసిన ప్లగ్గు కనిపిస్తే ఎవరిదైనా సరే వేదిక మీదికి రానివ్వకూడదు.

డిజిటల్ గిటారు ఇప్పుడు చిన్న ఊళ్ళ పిల్లలకు కూడా అందే ధరలో ఉంది, అది సంతోషించాల్సిన విషయం. ఆ పిల్లలకు శృతి చెయ్యడం మొదటి రోజే నేర్పుతాం. దాంతోపాటు వాల్యూమ్ తగ్గించి వినడం, కేబుల్ తీసి వినడం, ఎర్త్ అడిగి తెలుసుకోవడం కూడా గురువులు అదే రోజు నేర్పాలి. రొద ఎక్కడిదో తమంతట తాము కనిపెట్టగలిగిన పిల్లలు అనవసరంగా డబ్బు పోగొట్టుకోరు, వేదిక మీద ప్రాణాన్నీ పణంగా పెట్టరు.